ప్రతిధ్వని ధ్వనికి వ్యతిరేకం కాదు

గత పది రోజుల్లో ఒకే సందేశాన్ని నాకు నలుగురు పంపారు. వారిలో ఇద్దరు గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లలు, ఒకరు మా బాబాయి గారు, నాలుగో వ్యక్తి తాను పంపేవాటిని తానే చదవని మిత్రుడు. ఆ సందేశం చెప్పేది క్లుప్తంగా ఇది: వ్యాపారులు పేరు పెట్టారు గనుక అవి ట్రేడ్ విండ్స్, అంటే వ్యాపార పవనాలు, ఎదురుగా వీచి ఓడలను ఆపి వ్యాపారాన్ని చెడగొట్టేవి యాంటీ ట్రేడ్ విండ్స్, ఈ గాలులను కనిపెట్టింది వాస్కోడగామా, వాణిజ్య ఒప్పందాలను కాదనేవారికి 'యాంటీ ట్రేడ్' అనే పేరు ఆ గాలుల నుంచే వచ్చింది, కాబట్టి వారు ప్రగతికి ఎదురుగాలి.

వాస్కోడగామా సంగతి త్వరగా తేల్చవచ్చు. 1498లో ఆయనను తూర్పు ఆఫ్రికాలోని మాలింది రేవు నుంచి కోళికోడుకు చేర్చినవి నైరుతి ఋతుపవనాలు, ఆ దారి అరబ్బు నావికులకు తరతరాలుగా తెలిసినదే.

పేరు విషయం కొంచెం నెమ్మదిగా చూడాలి. వ్యాపార పవనాలంటే ఉష్ణమండలంలో తూర్పు వైపు నుంచి భూమధ్యరేఖ దిశగా నిలకడగా వీచే గాలులు. ఇంగ్లీషులో 'ట్రేడ్' అన్న మాటకు తొలి అర్థం దారి, జాడ. అడుగు వేయడమనే అర్థమున్న 'ట్రెడ్' దానికి చుట్టం. గాలి 'ట్రేడ్‌గా' వీస్తోందని పాత నావికుడు అంటే, అది దిక్కు మార్చకుండా నిలకడగా వీస్తోందని భావం. వ్యాపారమన్న అర్థం తరువాత వచ్చి చేరింది. ఇవే గాలులను ఫ్రెంచివారు అలిజే అనీ, జర్మన్లు పాసాట్ అనీ అంటారు. ఆ పేర్లలో కొట్టూ లేదు, తక్కెడా లేదు. అయితే ఇక్కడ సందేశకర్తను పూర్తిగా తప్పుపట్టలేను. 18వ శతాబ్దం నాటికి ఇంగ్లీషువాళ్లే పాత అర్థం మరచి, సముద్ర వర్తకానికి పనికివస్తాయి గనుక ఆ పేరు వచ్చిందనుకోసాగారు. మన పాఠ్యపుస్తకాల్లోని 'వ్యాపార పవనాలు' ఆ పొరపాటుకే తెలుగు. బడిలో నేనూ అదే రాసి రెండు మార్కులు తెచ్చుకున్నవాడినే.

ఇక ఓడలను ఆపే గాలి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, ఎత్తున ధ్రువాల వైపు మళ్లి, భూభ్రమణం వల్ల తూర్పుకు ఒరుగుతుంది. కింద ఈశాన్యం నుంచి వ్యాపార పవనం వీస్తుంటే, దాని నెత్తిన నైరుతి నుంచి వీచేదే యాంటీ ట్రేడ్, తెలుగులో ప్రతివ్యాపార పవనం. 1812 ఏప్రిల్ 30 రాత్రి కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ ద్వీపంలో సూఫ్రియేర్ అగ్నిపర్వతం బద్దలైంది. బార్బడోస్ అక్కడికి తూర్పున 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది, సముద్రం మీద గాలి బార్బడోస్ వైపు నుంచే వస్తుంది. అయినా మరునాడు బార్బడోస్‌లో పగలే చీకటి కమ్మి, పొలాల మీద బూడిద కురిసింది. దానిని మోసుకుపోయింది ఆ పై గాలే. అంత ఎత్తున ఏ వర్తకుడి ఓడ తేలుతోందో, ఏ సరుకు ఆగిపోయిందో సందేశకర్త సెలవివ్వాలి.

పాత పుస్తకాలు నేల మీద వీచే పశ్చిమ పవనాలను కూడా ప్రతివ్యాపార పవనాలన్నాయి. పోనీ, అవే అనుకుందాం. 1493లో కొలంబస్ ఉత్తరానికి జరిగి, ఆ గాలులను అందుకునే ఐరోపా చేరాడు. 1565లో స్పెయిన్ నావికుడు ఉర్దనేతా ఫిలిప్పీన్స్ నుంచి జపాన్ అక్షాంశాల దాకా ఎక్కి, వాటి మీదనే మెక్సికో చేరాడు. ఆ తరువాత 1815 వరకు మనీలా ఓడలు మెక్సికో నుంచి వెండి వేసుకుని వ్యాపార పవనాల మీద పోయి, చైనా పట్టుతో ఈ 'వ్యాపార విరోధి' గాలుల మీద తిరిగి వచ్చాయి. తిరిగి వచ్చే గాలే లేకపోతే పోవడమెందుకు?

ఇక్కడ 'యాంటీ' అంటే ఎదురు దిక్కు, పగ కాదు. ప్రతిధ్వని ధ్వనిని వ్యతిరేకించదు, ప్రతిబింబం బింబం ముందు ధర్నాకు కూర్చోదు. (ప్రతివ్యాపార పవనమన్న మాటను 'ప్రతి వ్యాపార పవనం' అని విడదీసి, ఒక్కొక్క వ్యాపార పవనమూ అని చదువుకున్న విద్యార్థిని కూడా చూశాను, అతడే నయం.)

నన్ను రాయడానికి కూర్చోబెట్టింది చివరి అంశం. నిఘంటువులో 'యాంటీ ట్రేడ్' కింద గాలి అనీ, వాణిజ్యాన్ని వ్యతిరేకించే అనీ రెండు అర్థాలున్న మాట నిజమే. అవి తల్లీబిడ్డలు కావు, ఒకే ఇంటిపేరున్న రెండు వేర్వేరు కుటుంబాలు. రెండో అర్థం, ట్రేడ్ అంటే వ్యాపారమని స్థిరపడిన తరువాత దానికి 'యాంటీ' తగిలించి చేసుకున్నది. దీనిని గాలికి ముడిపెట్టడం వల్ల, షరతులు అడిగిన ప్రతివాడూ ప్రకృతికే అడ్డుపడుతున్నవాడిలా కనిపిస్తాడు. 2019 నవంబరులో ఆసియా-పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్ నుంచి భారత్ తప్పుకోకముందు, న్యూజిలాండ్ పాలపొడి వచ్చిపడితే తమ గతేమిటని పాడి రైతులు అడిగారు. తెల్లవారుజామునే క్యాను మోసుకెళ్లి, వెన్న శాతం కొలిపించుకుని, లీటరు లెక్కన డబ్బు తెచ్చుకునే మనిషిని వ్యాపార వ్యతిరేకి అనడానికి ఎంత ధైర్యం కావాలి! ఆయన రోజుకు రెండు పూటలా చేసేది వ్యాపారమే.

పరీక్షకు చదువుతున్న ఆ ఇద్దరికీ ఇదంతా చెప్పలేదు. ఉత్తరార్ధగోళంలో ప్రతివ్యాపార పవనాలు ఏ దిక్కు నుంచి వీస్తాయని అడిగితే నైరుతి అని రాయమన్నాను.