ఫుట్‌బాల్ వ్యాఖ్యాతలపై తిరుగుతున్న ఆ సందేశంలో నిలబడేదెంత?

హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఫుట్‌బాల్ అభిమానుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక పొడవాటి సందేశం తిరుగుతోంది. టీవీ ఫుట్‌బాల్ వ్యాఖ్యాతల్లో, విశ్లేషకుల్లో ఎవరు గొప్పవారో, ఎవరు పనికిరానివారో అది ఐదు మాటల్లో తేల్చేసింది. పెద్ద స్థాయిలో ఆడనివారికి ఆటను విశ్లేషించే అర్హత లేదు. ఇంగ్లిష్ టీవీ వ్యాఖ్యాతల్లో పీటర్ డ్రూరీలా కవిత్వం చెప్పేవాడే వ్యాఖ్యాత, మార్టిన్ టైలర్ వంటివారు నిద్రపుచ్చేవారు. మహిళలను కేవలం చూపుల కోసం కూర్చోబెడుతున్నారు. మాజీ ఆటగాళ్లంతా తమ పాత క్లబ్బుకే వత్తాసు పలుకుతారు. ఫుట్‌బాల్ వ్యాఖ్యానం ఇంగ్లిష్‌లోనే ఉండాలి, తెలుగులో పెడితే ఆట పరువు పోతుంది. మన మైదానాల్లో ఆడే పిల్లలు కూడా దీన్ని తిరుగులేని సత్యంలా ఒకరికొకరు పంపుకొంటున్నారు కాబట్టి, ఒక్కో వాదననూ విడిగా పరిశీలించి జవాబు చెప్పవలసి ఉంది.

మొదటి వాదన తప్పని 1995లోనే తేలిపోయింది. అలన్ హాన్సెన్ లివర్‌పూల్ తరఫున 8 లీగ్ టైటిళ్లు, 3 యూరోపియన్ కప్పులు గెలిచిన డిఫెండర్. ఆడినవాడే మాట్లాడాలన్న కొలతతో చూస్తే ఆయనను మించిన అర్హుడు దొరకడు. ఆ ఏడాది ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ 3-1 తేడాతో ఆస్టన్ విల్లా చేతిలో ఓడిన రోజున, బీబీసీ ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ కార్యక్రమంలో ఆయన కుర్రాళ్లతో ఏదీ గెలవలేరని తీర్పు చెప్పారు. ఆ కుర్రాళ్లు పాల్ స్కోల్స్, నికీ బట్, నెవిల్ సోదరులు, డేవిడ్ బెక్‌హామ్. సీజన్ ముగిసేసరికి లీగ్, ఎఫ్.ఏ. కప్ రెండూ యునైటెడ్ చేతికే వచ్చాయి. హాన్సెన్‌ను తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. గోల్ పడిన దృశ్యాన్ని మధ్యలో ఆపి, డిఫెండర్ ఎక్కడ ఉండాల్సింది, ఎక్కడ ఉన్నాడు, ఆ రెండు గజాల తేడా ఎలా వచ్చింది అని చూపించడంలో ఆయనది గొప్ప కన్ను. అయితే డిఫెండర్ తప్పును పట్టుకునే ఆ కన్ను ఒక యువ జట్టు భవిష్యత్తును పట్టుకోలేకపోయింది. ఆడిన అనుభవం ఆటలో ఒక భాగాన్ని స్పష్టంగా చూపిస్తుందే తప్ప, మొత్తం ఆటకు అధికారపత్రం ఇవ్వదు.

ఇక ఆడనివారి సంగతి. ఎమ్మా హేస్‌కు 17 ఏళ్ల వయసులోనే చీలమండ గాయంతో ఆటగత్తెగా దారి మూసుకుపోయింది. కోచ్‌గా చెల్సీ మహిళల జట్టును పలుమార్లు ఇంగ్లండ్ లీగ్ విజేతగా నిలబెట్టి, 2024లో అమెరికా జట్టుకు పారిస్ ఒలింపిక్ స్వర్ణం అందించిన ఆమె, 2021లో జరిగిన యూరో 2020 పోటీలకు బ్రిటిష్ ఛానల్ ఐటీవీలో విశ్లేషకురాలిగా కూర్చున్నప్పుడు, అంతర్జాతీయ ఆటగాళ్లుగా వెలిగినవారి మధ్య అందరికంటే తేటగా మాట్లాడిన గొంతు ఆమెదేనని నా అభిప్రాయం. గోల్ ఎవరు కొట్టారన్నది ఎవరైనా చెబుతారు. గోల్‌కు ముందు మిడ్‌ఫీల్డ్‌లో ఎవరు తన చోటు వదిలేశారో ఆమె చెప్పేవారు. మన దేశంలో చూస్తే, భారత ఫుట్‌బాల్ గొంతుగా పేరు పొందిన నోవీ కపాడియా ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ అధ్యాపకుడు. 2021లో మరణించిన ఆయన 9 ప్రపంచ కప్‌లకు హాజరై రాశారు, మాట్లాడారు. ఇంకా దగ్గరికి వస్తే, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌లో బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు, దేశం తరఫున ఎన్నడూ ఆడనివాడు. సందేశం పెట్టిన కొలత ప్రకారం రహీమ్ సాబ్‌కు కూడా నోరు విప్పే హక్కు ఉండకూడదు.

అదే వాదనకు తోకగా మరో మాట ఉంది. పైన చెప్పిన నెవిల్ సోదరుల్లో ఒకడైన గ్యారీ నెవిల్ 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని వాలెన్సియాకు కోచ్‌గా వెళ్లి నాలుగు నెలలైనా నిలవలేకపోయాడు కాబట్టి అతని విశ్లేషణకు విలువ లేదట. ఆడినవాడే మాట్లాడాలని మొదలుపెట్టి, ఆడినవాడు కోచ్‌గా కూడా గెలవాలని కొలతను మార్చేయడం న్యాయం కాదు. జరిగిపోయిన ఆటను తెర మీద ఆపి వివరించడం ఒక పని, భాష రాని ఊళ్లో పాతికమంది ఆటగాళ్లను ఒక్క తాటిపై నడిపించడం మరో పని. నెవిల్, లివర్‌పూల్ మాజీ ఆటగాడు జేమీ క్యారగర్ కలిసి సోమవారం రాత్రులు స్కై స్పోర్ట్స్‌లో చేస్తూ వచ్చిన విశ్లేషణ నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫుట్‌బాల్ కార్యక్రమం. వాలెన్సియాలో జరిగినదానివల్ల అందులోని ఒక్క మాట కూడా తప్పయిపోదు.

రెండో వాదన దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. డ్రూరీ గొప్పవాడు. 2010 జూన్ 11న, ఆఫ్రికా నేల మీద జరిగిన మొదటి ప్రపంచ కప్ తొలి మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు షబలాలా ఎడమ కాలితో కొట్టిన బంతి మెక్సికో గోల్ పైమూలకు దూసుకుపోయినప్పుడు, ఇది దక్షిణాఫ్రికాకు గోల్, ఆఫ్రికా అంతటికీ గోల్ అని ఆయన అరిచిన క్షణం అందరికీ గుర్తే. ఆ మాట ఎందుకు నిలిచింది? తెర మీద కనబడేది ఒక దేశపు ఆటగాడు, ఒక గోల్. ఒక ఖండం దాని కోసం ఎదురుచూస్తోందన్నది కెమెరాకు అందని సంగతి, దాన్ని డ్రూరీ అందించాడు. 2018 ఏప్రిల్‌లో, ఛాంపియన్స్ లీగ్ రెండు మ్యాచ్‌ల పోరులో రెండోదాన్ని ఇటలీ జట్టు రోమా 3-0తో గెలిచి బార్సిలోనాను ఇంటికి పంపిన రాత్రి, శిథిలాల్లోంచి రోమా లేచిందని, మనోలాస్ రోమ్‌లో గ్రీకు దేవుడని అన్నప్పుడు కూడా అంతే. ఆ గోల్ కొట్టినవాడు నిజంగానే గ్రీకువాడు, ఆ ఊరు నిజంగానే శిథిలాల ఊరు, మొదటి మ్యాచ్‌లో 4-1తో ఓడిన ఆ జట్టు నిజంగానే కూలిపోయి లేచింది. ఉపమానం ఆటలోంచే పుట్టింది.

అయితే దీన్నిబట్టి టైలర్ నిద్రపుచ్చేవాడని ఎలా తేలింది? 2012 మే 13న మాంచెస్టర్ సిటీ, క్వీన్స్ పార్క్ రేంజర్స్ మ్యాచ్‌లో గడియారం 93 నిమిషాల 20 సెకన్లు చూపిస్తుండగా, కింద పడిపోతూ బాలొటెలీ జరిపిన బంతిని సిటీ ఆటగాడు అగ్వేరో ఒక్క స్పర్శతో ముందుకు తోసి గోల్‌లోకి కొట్టాడు. టైలర్ పలికింది ఆ ఆటగాడి పేరు ఒక్కటే, గొంతు చీరుకుపోయేలా. ఆ తర్వాత ఆయన ఆగిపోయారు. చొక్కా విప్పి తిప్పుతూ పరుగెత్తే అగ్వేరో, ఒకరి మీద ఒకరు పడిపోతున్న జనం, వారి హోరు, ఇవన్నీ మనకు అడ్డం లేకుండా అందాయి. ఇలాంటిది మళ్లీ చూడరని ఒట్టేసి చెబుతున్నానన్న మాట ఆ మౌనం తర్వాతే వచ్చింది. 44 ఏళ్ల తర్వాత ఒక క్లబ్బుకు లీగ్ దక్కుతున్న క్షణంలో ఉపమానం వెతుక్కోకపోవడం చేతకానితనం కాదు, అది ఆ వృత్తిలో అత్యున్నత నైపుణ్యం.

రేడియోకూ టీవీకీ ఉన్న తేడాను ఆ సందేశం పట్టించుకోలేదు. 1986 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌పై మారడోనా అందరినీ దాటుకుంటూ కొట్టిన గోల్‌కు విక్టర్ హ్యూగో మొరాలెస్ చెప్పిన వ్యాఖ్యానం, ఏ గ్రహం నుంచి వచ్చావని మారడోనాను అడిగిన ఆ ఏడుపు గొంతు, రేడియోది. కళ్లతో చూడలేని శ్రోతకు అంత మాటల వరద అవసరం. టీవీలో దాన్ని అనుకరించి, ప్రతి త్రో-ఇన్‌కూ పురాణం చెప్పేవారు నాకు అసలు నచ్చరు. అరుపు విషయంలోనూ నాది ఇదే మాట. 2012లో బార్సిలోనా మైదానంలో చెల్సీ ఆటగాడు ఫెర్నాండో టోరెస్ ఒంటరిగా పరుగెత్తి గోల్ కొట్టినప్పుడు నెవిల్ పెట్టిన కేకను ఇప్పటికీ పంచుకుంటున్నారు. నాకు ఇష్టమైన విశ్లేషకుడే అయినా ఆ కేకలో నాకేమీ దొరకలేదు. పది మందితో ఆడుతున్న చెల్సీని కమ్మేయడానికి బార్సిలోనా మొత్తం ముందుకు వచ్చేసింది, అందుకే సగం మైదానం ఖాళీగా పడి ఉంది. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు.

మహిళల గురించిన మూడో వాదనకు గట్టి జవాబు టీవీ ఫుట్‌బాల్ రంగంలోనే ఉంది. 2011 జనవరిలో వుల్వ్స్, లివర్‌పూల్ మ్యాచ్‌కు సహాయ రిఫరీగా వచ్చిన సియాన్ మాసీని ఉద్దేశించి, ఆడవాళ్లకు ఆఫ్‌సైడ్ నియమం తెలియదని స్కై స్పోర్ట్స్ ప్రముఖులు ఆండీ గ్రే, రిచర్డ్ కీస్ ప్రసారంలో లేనప్పుడు ఎగతాళి చేశారు. ఆ మ్యాచ్‌లో లివర్‌పూల్ గోల్‌కు ముందు జెండా ఎత్తకుండా ఆమె తీసుకున్న క్లిష్టమైన నిర్ణయం సరైనదేనని రిప్లే చూపించింది. ఆ వ్యవహారంలో గ్రే ఉద్యోగం పోయింది, కీస్ రాజీనామా చేశారు. 2018 ప్రపంచ కప్‌లో పోర్చుగల్, మొరాకో మ్యాచ్‌కు బీబీసీలో వ్యాఖ్యానం చెప్పిన విక్కీ స్పార్క్స్, బ్రిటిష్ టీవీలో ప్రపంచ కప్ మ్యాచ్‌కు ప్రత్యక్ష వ్యాఖ్యానం చేసిన తొలి మహిళ. 1966 నుంచి చూసుకుంటే ఎన్ని ప్రపంచ కప్‌లు ఆ అవకాశం లేకుండా గడిచిపోయాయో లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడివారికి ఇంకో పేరు గుర్తుచేయాలి. మన తెలంగాణలోనే నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టి భారత జట్టుకు ఎదిగి, 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడిన గుగులోత్ సౌమ్య రేపు స్టూడియోలో కూర్చుంటే, చూపుల కోసం కూర్చోబెట్టారని ఈ సందేశం పంపినవారిలో ఎవరు అనగలరు? పెద్ద స్థాయిలో ఆడినవారే మాట్లాడాలన్న వారి మొదటి నియమం ప్రకారమైనా ఆమె ముందు వరుసలో ఉండాలి.

పక్షపాతం గురించిన నాలుగో వాదనకు ఎక్కువ మాటలు అవసరం లేదు. క్యారగర్ లివర్‌పూల్ వాడని, రాయ్ కీన్ యునైటెడ్ వాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. తెలిసిన పక్షపాతాన్ని తీసివేసి వినడం ఎవరికైనా చేతనవుతుంది. పైగా యునైటెడ్‌ను కీన్ విమర్శించినంత కఠినంగా ప్రత్యర్థి అభిమానులు కూడా విమర్శించరు.

చివరిది తెలుగు గురించిన వాదన. ఇదే నన్ను అన్నిటికంటే బాధపెట్టింది. 2022 డిసెంబర్ 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్‌ను హన్మకొండలో ఒక టీ కొట్టు ముందు జనంతో కలిసి చూశాను. అదనపు సమయంలో, 108వ నిమిషంలో అర్జెంటీనా ఆటగాడు లౌతారో కొట్టిన బంతిని ఫ్రాన్స్ గోల్‌కీపర్ లోరిస్ ఆపగా, మెస్సీ దాన్ని మళ్లీ లోపలికి నెట్టాడు, ఫ్రాన్స్ డిఫెండర్ కూండే బయటికి తన్నేశాడు. గోల్ అయిందో లేదో తెలియని ఆ కొద్ది క్షణాల్లో కొట్టు యజమాని, “ఏమైందన్నా, గోల్ ఇచ్చిండ్రా లేదా? వాడు బయటికి తన్నిండు కదా!” అని అందరినీ అడిగాడు. టీవీలో ఇంగ్లిష్ వ్యాఖ్యానం నడుస్తూనే ఉంది. జవాబు అందులో ఉంది, ఆయనకు అందలేదు. తెలుగులో అయితే అది ఇలా ఉండేది: “కూండే తన్నేసరికే బంతి గీత దాటింది. ఇప్పుడు చూస్తున్నది లౌతారో ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా అన్నది మాత్రమే.” ఈ రెండు వాక్యాల్లో ఆట పరువు తీసేది ఏముంది? గోల్, ఆఫ్‌సైడ్, కార్నర్, పెనాల్టీ అన్నవి కాజీపేట రైల్వే మైదానంలో ఆడే పిల్లవాడికి తెలుగు మాటలే. మిగిలిన వాక్యం తెలుగులో సాగితే చాలు. రైడ్, టాకిల్, బోనస్ అన్న మాటలతోనే ప్రో కబడ్డీని తెలుగులో మన ఇళ్లలో వింటున్నాం కదా.

సందేశం రాసినవారికి ఒక కోపం ఉంది, అది నాకూ ఉంది. క్రికెట్ తెలుగు వ్యాఖ్యానంలో సినిమా డైలాగులు, ప్రాసలు, పరస్పరం వేసుకునే జోకులు నిండిపోయి, ఫీల్డింగ్ ఎలా మార్చారో చెప్పే తీరిక ఎవరికీ లేని సందర్భాలు చాలా ఉన్నాయి. అది ఆ వ్యాఖ్యానానికి సన్నద్ధం కానివారి లోపం, దాన్ని భాష మీదకు తోయకూడదు. మలయాళంలో షైజు దామోదరన్ గొంతు కోసమే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మ్యాచ్‌లు చూసేవారున్నారు. తెలుగులో అడిగేవారే లేరన్న మాటకు కూడా ఆధారం లేదు. 2022 ప్రపంచ కప్‌ను జియోసినిమా ఇంగ్లిష్, హిందీ, తమిళం, మలయాళం, బెంగాలీ భాషల్లో ఇచ్చింది, తెలుగులో ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని ఎవరూ వినలేదని లెక్క చెప్పడం ఎలా కుదురుతుంది? అదే ఏడాది మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్‌లో హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరు సమం చేయగా, పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు బంతులు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్ఎల్ విజేతగా నిలిపాడు. మన రాష్ట్ర రాజధాని పేరు పెట్టుకున్న జట్టు గెలిచిన ఆ రాత్రిని మన మాటల్లో వినాలని కోరుకున్నవారిలో నేనూ ఒకడిని, ఆ సందేశాన్ని నాకు పంపినవారిలో కొందరు కూడా ఆ రోజు అదే కోరుకున్నారు.