ఉద్దానం తోటకు లెక్క కట్టేదెలా?

అక్టోబరు వస్తే శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం రైతుకు కంటి మీద కునుకు ఉండదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కకావికలం చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ ఏకంగా పలాస దగ్గరే ఒడ్డెక్కింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్యలో 165 దాకా విసురు. తెల్లారేసరికి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస చెట్లు కుప్పలుగా పడి ఉన్నాయి.

తుపాను రాకముందు చేయాల్సిన పని మనకు బాగానే అలవాటైంది. 1977లో దివిసీమలో ఉప్పెన వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది, ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు, ప్రాణాలు దక్కుతున్నాయి. ఇందులో అధికారులకు ఇవ్వాల్సిన మెప్పు ఇవ్వాల్సిందే. చిక్కంతా గాలి తగ్గాక, నష్టం రాసుకునే దగ్గర వస్తోంది. వరి పోతే ఒక పంట పోయినట్టు. కొబ్బరి తోట పోతే ఎన్నేళ్లు పోయినట్టు? మన నష్టపరిహారం పద్ధతిలో ఈ ప్రశ్నకు చోటే లేదు.

గాలి వేగం రెట్టింపైతే చెట్టు మీద దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కొబ్బరి మాను వంగి కొంత ఓర్చుకుంటుంది కానీ తల ఓర్చుకోలేదు. ఈ చెట్టుకు ఎదిగే చోటు ఒక్కటే, మొవ్వు. అది మెలితిరిగి విరిగిందంటే పక్క నుంచి కొమ్మ వేసే దారి లేదు. చెట్టు నిలబడే ఉంటుంది, కొన్నాళ్లు ఆకులు పచ్చగానే ఉంటాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే వాలిపోతాయి. లెక్క రాయడానికి వచ్చినవాళ్ల కంటికి ఆనేది పడిన చెట్టే. నిలబడి చచ్చిపోతున్న చెట్టు సంగతి బయటపడేసరికి పుస్తకం మూసేస్తారు. తోటలోంచి తీయించలేక వదిలేసిన మానులు కుళ్లితే వాటిలో కొమ్ము పురుగు పెరిగి, మిగిలిన చెట్ల మొవ్వులనూ తొలిచేస్తుంది. తీయిద్దామంటే రంపం మిషను, ట్రాక్టరు, కూలీలు... ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?

తిత్లీ తర్వాత కొబ్బరి చెట్టుకు రూ.1,500 అన్నారు. ప్రభుత్వం మారాక 2019లో దాన్ని రూ.3,000 చేశారు. పెంచడం మంచిదే. కానీ ఏడాదికి డెబ్బై అయిదు కాయలు, కాయకు పది రూపాయలే వేసుకున్నా ఆ మూడు వేలు నాలుగేళ్ల రాబడికి సరిపోతాయి. కొత్తగా నాటిన పొడవు రకం కాపుకొచ్చేది ఆరేడేళ్లకు. ఫైలిన్‌లో పోయిన చెట్టు స్థానంలో 2014లో నాటిన మొక్క తిత్లీ నాటికి నాలుగేళ్లది. అంటే ఒక్క కాయ కూడా దింపకుండానే ఆ రైతు రెండోసారి మునిగాడు. తుపానులు వచ్చే వ్యవధి చెట్టు కాపుకొచ్చే వ్యవధి కన్నా తక్కువైపోతే ఆ సాగు ఎలా నిలుస్తుంది?

బీమా లేదా అంటే ఉంది. కొబ్బరి అభివృద్ధి బోర్డు పథకంలో రైతు కట్టాల్సింది ప్రీమియంలో నాలుగో వంతే. అయితే పదహారేళ్లు దాటిన చెట్టుకు బీమా మొత్తం రూ.1,750గా పెట్టారు. ఆ మాత్రం దానికి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది?

పరిహారం పట్టా ఉన్నవాడి ఖాతాలో పడుతుంది. తోటను కౌలుకు తీసుకుని ముందే డబ్బు కట్టినవాడికి, చెట్టెక్కి కాయ దింపేవాడికి, పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పు వలిచే ఆడవాళ్లకు ఆ లెక్కలో పేరే లేదు. స్తంభాలు కూలి కరెంటు పోతే బోర్లు ఆగిపోతాయి. కిడ్నీ జబ్బుతో నలుగుతున్న ఈ ప్రాంతంలో మంచినీళ్ల ప్లాంట్లు ఆగడం చిన్న విషయం కాదు. అక్కడ జనరేటర్లు ముందే సిద్ధంగా ఉండాలి.

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. ప్రభుత్వం పంటల వివరాలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో తోట విస్తీర్ణంతో సరిపెట్టకుండా చెట్ల సంఖ్య, వయసు, కౌలుదారు పేరు తుపాను సీజనుకు ముందే ఎక్కించాలి. పరిహారాన్ని ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకోకుండా, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏటా ఇవ్వాలి. మొవ్వు దెబ్బతిన్న చెట్ల కోసం మూడు నెలల తర్వాత రెండో విడత లెక్క తీయాలి. ఇక మొక్కల సంగతి. విత్తన కాయ నారుమడిలో వేసిన దగ్గర్నుంచి తోటలో నాటే మొక్క కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. తుపాను వచ్చి వెళ్లాక ఆర్డరు పెడితే రైతుకు మొక్క అందేది మరుసటి ఏడాదే. కాబట్టి ఉద్దానానికి కావాల్సిన నారును ప్రభుత్వ నర్సరీల్లో ఏటా నిల్వ ఉంచాలి. తుపాను రాని ఏడాది ఆ మొక్కలను ముసలి చెట్లున్న తోటలకు ఇవ్వవచ్చు.