పాపాత్ముల మజ్జిగ

మొన్నటి ఎండాకాలం మా నల్లగొండలో మూడు రోజుల పాటు ఆధ్యాత్మిక సభలు జరిగాయి. ఏ మతం వారివని అడగకండి. చెబితే ఆ మతం వారికి కోపం వస్తుంది, మిగతా మతాల వారికి సంతోషం కలుగుతుంది. ఆ సంతోషానికి వారు అర్హులు కారు. స్వలింగ సంపర్కం నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినప్పుడు, దాన్ని రద్దు చేయించాలని సుప్రీంకోర్టు మెట్లెక్కిన వారిలో ఒక జ్యోతిష్కుడు ఉన్నాడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉంది, క్రైస్తవ సంఘాలు ఉన్నాయి, మనువాదాన్ని పేరులోనే పెట్టుకున్న ఒక పార్టీ కూడా ఉంది. ప్రహరీగోడ జానెడు జరిగితే తలలు పగలగొట్టుకునే వాళ్ళు ఒకే దస్త్రంలో చక్కగా సర్దుకుపోయారు. 2013లో గెలిచారు కూడా. మత సామరస్యం కోసం గాంధీగారు పాపం అన్ని నిరాహారదీక్షలు చేశారు. ఎక్కడో ఇద్దరు మగపిల్లలు చేతులు పట్టుకుని నడుస్తున్నారని ఒక్క కబురు పంపితే సరిపోయేది.

సభల సంగతికి వస్తాను. మొదటి రోజు రాత్రి ప్రధాన వక్త మైకు అందుకుని, ఆడవాళ్ళు ఆడవాళ్ళను, మగవాళ్ళు మగవాళ్ళను ప్రేమించడం మొదలైనప్పటి నుంచే వానలు వెనకడుగు వేశాయని సెలవిచ్చారు. ఇది రోగమన్నారు, అంటుకుంటుందన్నారు, పడమటి దేశాల నుంచి దిగుమతి అయిందన్నారు. దాన్ని నేరంగా రాసిన 377వ సెక్షన్ 1860లో ఇంగ్లీషు దొరలు మన నెత్తిన పెట్టినదే కాబట్టి, ఏది దిగుమతి సరుకో ఏది నాటు సరుకో ఆయన ఒకసారి లెక్క చూసుకుంటే బాగుండేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కోరలు పీకిందన్న వార్త కూడా ఆయనకు ఇంకా చేరినట్టు లేదు.

వానల సిద్ధాంతం మాత్రం నాకు నచ్చింది. మా జిల్లాలో ఎన్ని వందల బోర్లు వేసినా దుమ్ము తప్ప ఏమీ రాని సంవత్సరాలున్నాయి. భూమి లోపలి రాతిలో ఫ్లోరైడు ఉందని, అది నీళ్ళలోకి దిగుతోందని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పరీక్షనాళికలు పట్టుకుని తిరిగారు. అనవసర శ్రమ. మర్రిగూడ వైపు వెన్ను వంగిపోయి, కాళ్ళు వంకర్లు తిరిగి బతికిన వాళ్ళందరూ ఎవరి ప్రేమకు శిక్ష అనుభవించారో ఆయన్నే అడిగితే పోయేది.

నీళ్ళ నుంచి ఫ్లోరైడు తీయడానికి నాగపూరులోని ‘నీరి’ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కనిపెట్టిన విధానం మా ఊరి పేరుతోనే ప్రపంచానికి తెలుసు: నల్లగొండ పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి కలియబెట్టి వదిలేస్తే, చెడు అడుగుకు దిగుతుంది, పైన తేట మిగులుతుంది. ఆయన ప్రసంగాన్ని ఒక పెద్ద డ్రమ్ములో పోసి ఇదే పని చేయాలని నాకు చాలా కోరికగా ఉంది. రెండు గంటల ప్రసంగానికి ఒక చెంచాడు తేట రావచ్చు. అందులో అరచెంచా అయినా విరాళాల ప్రకటన ఉంటుంది.

రెండో రోజు ఉదయం అసలు ఉపద్రవం మొదలైంది. మైదానం గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, వేపచెట్టు కింద ఆరుగురు నిలబడి ఉన్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక హిజ్రా, ఒక నడివయసు తల్లి. నినాదాలు లేవు, నల్లజెండాలు లేవు. రెండు రంజన్లు, వాటికి చుట్టిన తడిగుడ్డలు, ఒక బకెట్టులో కడిగిన స్టీలు గ్లాసులు, ఒక అట్టముక్క. అట్ట మీద ఇలా ఉంది: ‘మేమూ మీ పిల్లలమే. ఎండగా ఉంది. తాగి వెళ్ళండి.’

మజ్జిగ. అల్లం, కరివేపాకు దంచి వేశారు, నకిరేకల్ నిమ్మకాయలు పిండారు. వాసన గేటు దాకా వస్తోంది. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. ఇటు చూస్తే చల్లని మజ్జిగ, అటు చూస్తే రౌరవాది నరకాలు. నమ్మకానికి ఇంతకంటే కఠిన పరీక్ష మా ఊళ్ళో ఎన్నడూ జరగలేదు.

కార్యకర్తలు గుమికూడారు. ఒక పెద్దాయన విచారణ చేపట్టారు.

“చేత్తో కలిపారా, గరిటెతోనా?”

“గరిటెతోనే, పెద్దాయనా.”

“గరిటె ఎవరు పట్టుకున్నారు?”

“నేనే.”

పెద్దాయన వెనక్కి వెళ్ళి ధర్మనిర్ణయానికి కూర్చున్నారు. పాపం గరిటె ద్వారా పాకుతుందా? స్టీలు అయితే ఎంత, కర్ర అయితే ఎంత? పులిసిన మజ్జిగలో త్వరగా పాకుతుందా? పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటే దోషం ఉండదని ఒకరన్నారు. గొంతులోకి దిగాక పెదవితో పనేముందని ఇంకొకరు గట్టి ప్రశ్నే వేశారు. పాలు ఎక్కడివో తెలిస్తే గాని చెప్పలేమని మూడో ఆయన అన్నారు. పాలు ఆయన ఇంటికి పోసే మనిషే పోశాడని తేలింది. ఆయన అంతటితో చర్చ నుంచి విరమించుకున్నారు.

ఈలోగా పిల్లలు వెళ్ళి తాగేశారు. తలా రెండు గ్లాసులు. ఒక బుడతడు మూడోదానికి చేయి చాపాడు. కార్యకర్తలు ఆ పిల్లవాణ్ణి పదిహేను నిమిషాల పాటు శ్రద్ధగా గమనించారు. వాడు మూతి తుడుచుకుని గోళీలు ఆడుకున్నాడు.

ఈ తిండి, తీర్థం గొడవ మన దగ్గరే ఉందనుకోకండి. అమెరికాలో మెల్ వైట్ అనే పాస్టరు ఉన్నాడు. స్వలింగ ప్రేమికుల మీద నిప్పులు కక్కిన క్రైస్తవ మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్ ఆత్మకథను తెర వెనుక ఉండి రాసిపెట్టింది ఆయనే. తరవాత తానూ అటువంటివాడినేనని బయటపెట్టి, గాంధీ, మార్టిన్ లూథర్ కింగుల దారిలో 1998లో సోల్‌ఫోర్స్ అనే సంస్థ పెట్టాడు. 1999 అక్టోబరులో రెండు వందల మందిని వెంటబెట్టుకుని ఫాల్వెల్ ఉండే ఊరికే వెళ్ళి ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు. పాపులతో కలిసి భోంచేయరాదన్న వాక్యం ఫాల్వెల్ వాళ్ళ ఆతిథ్యానికి అడ్డొచ్చింది. అందుకని వచ్చినవారికి నీళ్ళు మాత్రం ఇచ్చారు. నీళ్ళకు మైల ఉండదనుకున్నారు, అమాయకులు. మన దగ్గరైతే మైల మొదలయ్యేదే నీళ్ళతో. టీకొట్టులో కొందరి గ్లాసులు చూరులో విడిగా దోపిన ఊళ్ళు చూసినవాణ్ణి నేను. ఆ చూరూ ఈ గేటూ ఒకే మేస్త్రి కట్టినట్టున్నాయి.

మధ్యాహ్నానికి కానిస్టేబులు వచ్చాడు. సభ మైకు రాత్రి పదిన్నర దాకా మోగినప్పుడు ఎవరూ రాలేదు. పది తరవాత మోగరాదని 2000 సంవత్సరం నుంచీ నిబంధన ఉంది, అది వేరే విషయం. మజ్జిగకు అనుమతి ఉందా అని అడిగాడు. శాంతిభద్రతల సమస్య అన్నాడు. శాంతంగా నిలబడ్డవాళ్ళ వల్ల శాంతికి ఏం సమస్య అని ఆ తల్లి అడిగితే, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. ఆరుగురిలో ఒక్క హిజ్రా పేరే రాసుకున్నాడు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించే నిజాం కాలపు చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. చేతికి అలవాటైన రాత కోర్టు కొట్టేసినా పోదు కాబోలు.

గ్లాసులు అందిస్తున్న కుర్రవాళ్ళలో ఒకణ్ణి చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఆ తల్లి కొడుకే. ఇంటర్ చదివేటప్పుడు వాడి సంగతి ఇంట్లో తెలిసింది. తండ్రి ముందు ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్ళాడు, తాయెత్తు కట్టించాడు. తరవాత ఇంకో మతం ప్రార్థనలకు, ఆ తరవాత మరో మతం వాళ్ళ ఊదికి. మత సామరస్యం అని మొదట్లో నవ్వుతూ రాశాను. అది ఆ పిల్లవాడి వీపు మీద జరిగింది. వేపమండలతో కొట్టారు. ఆకులు రాలిపోయాక పుల్లలతో కొట్టారు. గదిలో పెట్టి తాళం వేశారు. చివరికి ఒక డాక్టరు, చదువుకున్న డాక్టరు, డబ్బు తీసుకుని సూదులు పొడిచాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే రోగాల జాబితాలోంచి తీసేసిన దానికి ఏ సూది పొడిచావయ్యా? ఈ ‘చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషనే చెప్పింది. ఆ వీపు మీది గీతలను కమిషన్ వచ్చి చెరుపుతుందా? మైకు ముందు నిలబడి రోగం, రోగం అని అరిచే పెద్దమనిషీ, నీ నోటి మాట ఇంటికి చేరేసరికి వేపమండ అవుతుంది. నీకది తెలుసు. తెలిసే అంటున్నావు.

వాడు మాత్రం ఆ గేటు ముందు నిలబడి, తన తండ్రి వయసున్న ప్రతి మనిషికీ రెండు చేతులతో గ్లాసు అందిస్తున్నాడు. మొహం తిప్పుకున్నవారికి దారి ఇస్తున్నాడు. ఒకాయన గ్లాసు తీసుకుని, వాడు చూస్తుండగానే మజ్జిగ నేల మీద ఒలకబోశాడు. వాడు వంగి గ్లాసు తీసి, బకెట్టులో ముంచి కడిగి, మళ్ళీ నింపాడు.

మూడో రోజు కార్యకర్తలు పది అడుగుల దూరంలో పోటీగా నీళ్ళ డబ్బాలు పెట్టారు. నీడ ఉన్న చెట్టు అవతలివాళ్ళకు దక్కింది కాబట్టి డబ్బాలు ఎండలోనే ఉన్నాయి. ఆ నీళ్ళతో టీ కాచుకోవచ్చు. మూడింటికి అవీ అయిపోయాయి. అప్పటి నుంచి భక్తులు ఒక్కొక్కరే వేపచెట్టు వైపు, చెప్పు తెగినట్టు, ఫోను వచ్చినట్టు, ఏదో ఒక నెపంతో నడవడం మొదలుపెట్టారు.

నేనూ వెళ్ళాను. గ్లాసు అందుకున్నాను. టీకొట్టు దగ్గర మా వీధి వాళ్ళు ఇద్దరు ఇటే చూస్తున్నారు. గ్లాసు మెల్లగా గట్టు మీద పెట్టి, జేబులో ఏదో వెతికాను. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ తీసుకుని తాగాను.

ఆ తల్లి అంతా చూసింది.

“ఉప్పు సరిపోయిందా అన్నా?” అని అడిగింది.