బ్యాటరీకి గోదావరి మర్యాద

మా కోనసీమలో గోల్ఫ్ ఆడినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అయినా మా మావయ్య గోల్ఫ్ కార్టు కొన్నారు. సెకండ్ హ్యాండే లెండి. కొబ్బరితోటలో తిరగడానికి. పాత బ్యాటరీలు చచ్చిపోయాయి గనుక కొత్తవాటి ఎంపికకు ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. మా చెల్లి పెళ్లికి కూడా ఇంత చర్చ జరగలేదు.

బండికి 48 వోల్టులు కావాలి. 6 వోల్టులవైతే ఎనిమిది, 8 వోల్టులవైతే ఆరు పడతాయి. కారు బ్యాటరీలు పెట్టేద్దామన్నాడు బావమరిది. వాటి ప్లేట్లు పల్చన; ఇంజన్ స్టార్టు చేసి పక్కకు తప్పుకునే రకం. రోజంతా బండి లాగాలంటే మందం ప్లేట్లుండాలి. మావయ్య మాత్రం దేన్నయినా చేత్తో ఎత్తి చూశారు. లిథియం బ్యాటరీ తేలిగ్గా లేచింది. నీళ్లు పోయక్కర్లేదు, రెండు వేల సార్లకు పైగా చార్జి చేసి వాడుకోవచ్చని షాపాయన మొత్తుకున్నాడు. "ఇందులో ఏమీ లేదండీ" అని దించేశారు. సీసంది ఒక్కోటి 28 కిలోలు. అదీ బ్యాటరీ అంటే!

స్టిక్కరు మీద 225 ఆంపియర్ అవర్స్ అని ఉంది. 20 గంటలపాటు నింపాదిగా, గంటకో పూతరేకు తిన్నట్టు, 11 ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే లెక్క అది. నలుగురు ఎక్కి, కొబ్బరి గెలలు వేసుకుని గట్టెక్కేటప్పుడు 75 ఆంపియర్లు లాగితే రెండు గంటలు కూడా రాదు. స్టిక్కరు అబద్ధం చెప్పలేదు, మనమే అడగలేదు.

ఇక ఆయుష్షు. సగం ఖాళీ కాగానే చార్జింగు పెడితే సీసం బ్యాటరీ ఏళ్ల తరబడి బతుకుతుంది. కానీ మాది గోదావరి మర్యాద కదండీ, ఏదీ సగంలో వదలం. కదలనని మొరాయించేదాకా తిప్పి, ఖాళీ బ్యాటరీలను వారం రోజులు షెడ్డులో పడుకోబెట్టేవాళ్లం, పాపం అలిసిపోయాయని. లోపల సల్ఫేటు పేరుకుపోతోందని ఎవడికి తెలుసు? డిస్టిల్డ్ వాటర్ పొయ్యమంటే మావయ్యకు కోపం వచ్చింది. ఇంటి ముందు గోదావరి కాలవ పెట్టుకుని నీళ్లు కొనుక్కోవడమేమిటని చెంబుతో కాలవ నీళ్లే పోశారు. పుష్కర స్నానం పన్నెండేళ్లకోసారి మనుషులకు. మా బ్యాటరీలకు నెలనెలా.

రెండేళ్లు తిరక్కుండా ఎనిమిదీ పోయాయి. పాత సామాన్లవాడు వచ్చి కాటా వేశాడు. ముల్లు చూసి మావయ్య మొహం వెలిగిపోయింది.

"చూశావురా అబ్బాయ్, బరువు ఏమాత్రం తగ్గలేదు. మంచి సరుకే కొన్నాం!"