నోరు మూసుకుని ధైర్యంగా మాట్లాడటం ఎలా?

ఈ కాలం పిల్లలకు నలుగురిలో మాట్లాడే ధైర్యం లేదని పెద్దలమంతా ఏకగ్రీవంగా తేల్చేశాం. తేల్చేముందు పిల్లల్ని అడగలేదు. అడిగితే ఎదురు మాట్లాడతారు.

ఒక పని నావల్ల అవుతుందనే నమ్మకం అన్నిటికన్నా గట్టిగా కుదిరేది ఆ పని స్వయంగా చేసి నెగ్గినప్పుడేనని ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లోనే చెప్పాడు. అంటే ముందు తడబడుతూనైనా నాలుగు మాటలు మాట్లాడాలట, ధైర్యం వెనకాల వస్తుందట. ఇలాంటి తలకిందుల వ్యవహారం మా దగ్గర సాగదు. ఈత వచ్చాకే నీళ్లలోకి దింపుతాం.

మా శిక్షణ ఎంత పకడ్బందీగా ఉంటుందో చూడండి. ఇంటికొచ్చిన పెద్దమనిషి "ఏం చదువుతున్నావు బాబూ?" అంటాడు. బాబు ఊపిరి తీసుకునేలోపు తల్లి తరగతి చెబుతుంది, తండ్రి మార్కులు చెబుతాడు, నానమ్మ పుట్టినప్పటి బరువు చెబుతుంది. ఇక మిగిలింది పేరొక్కటే, అదీ వచ్చినాయనకు ముందే తెలుసు. "అబ్బాయి మాట్లాడడేమండీ?" అంటాడాయన. "వాడికి సిగ్గండీ!" ఈ జవాబూ మాదే. కొన్నాళ్లకు వాడూ అదే నమ్మేస్తాడు, మాకు చెప్పే శ్రమ తగ్గుతుంది. ఎప్పుడైనా పొరపాటున నోరు విప్పి ఒక మాట తప్పు పలికాడో, బంధువులు కలిసినప్పుడల్లా అదే చెప్పుకుని నవ్వుతాం. ప్రేమతోనే లెండి.

టీనేజీ పిల్లలకు లోకమంతా తమనే చూస్తోందనిపిస్తుంది. ఆ లేని జనానికి 'ఊహా ప్రేక్షకులు' అని 1967లో పేరు పెట్టాడు డేవిడ్ ఎల్కైండ్ అనే మరో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. పాపం, ఊహించుకునే కష్టం పిల్లలకెందుకని ఆ వేషం మేమే కడుతున్నాం. 2000లో వెలువడిన ఓ పరిశోధనలో, తొడుక్కుంటే సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేసి విద్యార్థుల్ని తోటివాళ్లున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది కనిపెట్టి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా కనిపెట్టింది నాలుగో వంతే. ఆ గదిలో ఉన్నది మా మేనత్తలైతే లెక్క నూటికి నూరూ వచ్చేది.

అలాగని ఈ పిల్లలకు మాటలు రావనుకునేరు. తలుపేసుకుని స్నేహితులతో గంటలకొద్దీ జోకులేస్తారు, అలకలు తీరుస్తారు, గొడవపడ్డ ఇద్దరి మధ్య రాజీ కుదురుస్తారు. తెలిసినవాళ్లు దీన్ని సాధన అంటారేమో. మేం సొల్లు కబుర్లంటాం, ఫోన్ లాక్కుంటాం.

చివరికి, చేయాల్సిందంతా చేశాం కాబట్టి, వ్యక్తిత్వ వికాసం క్లాసులో చేర్పించడానికి తీసుకెళ్లాం. ఫీజు కట్టాక ఒక ఫారం ఇచ్చారు. 'మీ గురించి మీ మాటల్లో' అని అందులో ఓ గడి. అబ్బాయి "నేను..." అని ఏదో అనబోయాడు. "నువ్వుండరా, ఆలోచించనీ" అని కసిరి, వాడి మాటల్లో మేమే నింపి, సంతకం కూడా పెట్టేశాం.