మంచు అంటే ఏ మంచు?

అమెరికాలో అపలాచియన్ కొండలకి మంచు తుఫాను వస్తోందని మీ వార్తలో రాశారు. బాగుంది కానీ స్నో, ఐస్ రెండిటినీ కలిపి మంచు అనేశారు. లంబసింగిలో గడ్డి మీద తెల్లపొరకి మురిసిపోయే మన వైజాగ్ వాళ్లకి అన్నీ మంచే అనుకోండి! మా అమ్మాయి ఆ కొండల్లోని ఆష్‌విల్ ఊళ్లో ఉంటుంది. స్నో పడితే పిల్లలకి పండగేనట, మా అమ్మాయి టెన్షనంతా గడ్డకట్టే వాన గురించే. పైనున్న వెచ్చటి గాలిపొరలో స్నో కరిగి వానవుతుంది. కింద సున్నా డిగ్రీల కంటే చలి ఉంటే, ఆ వాన తగిలినచోటల్లా గాజులాంటి ఐస్‌గా పేరుకుంటుంది. ఆ బరువుకి కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడతాయి. కరెంటు పోతే వాళ్ల బోరు పనిచేయదు. నిన్న వీడియో కాల్‌లో బాత్‌టబ్ నిండా పట్టిన నీళ్లు చూపించింది. 2014లో హుద్‌హుద్ తుఫాను ముందు రోజు మేం ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపలేదూ, అచ్చం అలాగే. ఈసారి స్నో ఎప్పుడో, ఐస్ ఎప్పుడో విడివిడిగా రాయండి సార్.