జస్టిస్ పేజ్ ఆడిన ఆట

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు ప్రతిష్ఠలన్నీ బంతి విసిరేవాడికీ, దాన్ని అందుకుని పరుగు తీసేవాడికీ దక్కుతాయి. వాళ్లను అడ్డుకోవడమే పనిగా పెట్టుకున్న రక్షణ శ్రేణి ఆటగాళ్లకు మిగిలే కీర్తి అంతంతమాత్రం. అలాంటి ఆటలో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో డిఫెన్సివ్ టాకిల్‌గా, అంటే రక్షణ శ్రేణి ముందువరుస మధ్యలో ఆడిన అలన్ పేజ్‌ను 1971లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ జాతీయ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపిక చేసింది. రక్షణ శ్రేణి నుంచి ఆ గౌరవం అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. ఆ తర్వాత 1986లో లారెన్స్ టేలర్‌కు తప్ప ఆ శ్రేణిలో ఇంకెవరికీ అది దక్కలేదు. ఎదురుగా గోడ కట్టినట్టు నిలబడే భారీకాయులను తోసుకుని లోపలికి చొరబడటం, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ దాన్ని వదిలేలోగా అతణ్ని నేలకూల్చడం పేజ్ పని. దీన్నే సాక్ అంటారు. విచిత్రమేమిటంటే, లీగ్ సాక్‌లను అధికారికంగా లెక్కించడం మొదలుపెట్టింది 1982లో, అంటే పేజ్ ఆట మానేసిన మరుసటి ఏడాది. ఆయన పనితనానికి అధికారిక అంకెలు లేకపోయినా, పక్కకు వంకరపోయి అలాగే ఉండిపోయిన చిటికెన వేలు మాత్రం ఉంది.

పేజ్ 1945లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టారు. ఉక్కు కర్మాగారాల పట్టణం అది. ఆ కొలిమిలో జీవితం గడపకూడదన్న పట్టుదల చిన్ననాడే ఏర్పడిందని ఆయన చెబుతుంటారు. అదే పట్టణంలో 1963లో ప్రారంభమైన, మేటి ఆటగాళ్లను గౌరవించే ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ భవన నిర్మాణంలో కుర్రవాడిగా కూలిపని చేశారు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చదివి 1967లో వైకింగ్స్‌లో చేరారు. కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్‌లతో కలిసి ఆయన నిలిచిన ముందువరుసను ప్రత్యర్థులు దడతోనే తలచుకునేవారు. అయినా జట్టు నాలుగుసార్లు లీగ్ విజేతను తేల్చే తుదిపోరు సూపర్ బౌల్‌కు వెళ్లి నాలుగుసార్లూ ఓడింది.

ఈ జీవితకథలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ గెలుపోటములు కాదు, 1978లో జరిగిన ఒక తొలగింపు. అప్పటికి పేజ్ ఆడుతూనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. దూరపు పరుగు అలవాటు చేసుకుని బరువు బాగా తగ్గారు. ఇంత తేలికైన మనిషి ఆ స్థానంలో పనికిరాడని తేల్చిన కోచ్ బడ్ గ్రాంట్ సీజన్ మధ్యలోనే ఆయనను సాగనంపారు. లీగ్ నిబంధన ప్రకారం కేవలం 100 డాలర్లు చెల్లించి చికాగో బేర్స్ తీసుకుంది. పనికిరాడన్న మనిషి ఆ జట్టుకు 1981 దాకా ఆడారు. 1979లో మారథాన్ పూర్తిచేసి, ఆడుతుండగానే ఆ ఘనత సాధించిన తొలి లీగ్ ఆటగాడయ్యారు. కోచ్ లెక్కలో శరీరం తూకమే ప్రధానం కావచ్చు, దాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. కానీ ఆటగాడి శరీరంతో పాటు అతని రోజంతా, ఆలోచనంతా తమదేనని జట్లు భావించే ధోరణి ఆ నిర్ణయం వెనుక లేదనుకోవడం కష్టం.

ఆ ధోరణి ఫలితమేమిటో పేజ్ స్వయంగా చూశారు. ఆయన పలుమార్లు చెప్పిన సంఘటన ఇది: రక్షణ శ్రేణి ఆటగాళ్ల సమావేశంలో కోచ్ వ్యూహాల పుస్తకాన్ని ఒక్కొక్కరినీ పైకి చదవమన్నాడు. కొందరు గడగడా చదివారు, కొందరు తడబడ్డారు, మరికొందరు అసలు చదవలేకపోయారు. వారంతా కళాశాలల మెట్లెక్కి వచ్చినవారే. మైదానంలో పనికొస్తున్నాడు కదా అని ఒక్కో తరగతీ దాటించేసిన బడులూ, విశ్వవిద్యాలయాలూ వాళ్లను వాడుకున్నాయే తప్ప చదివించలేదని చెప్పడానికి మేము వెనుకాడం. ఆట వదిలాక న్యాయమూర్తి అయిన పేజ్‌ను చూపించి 'తలచుకుంటే ఎవరైనా సాధించవచ్చు' అనేవారు, ఆ గదిలో పుస్తకం ముందు మూగబోయినవారికి ఏం చెబుతారు?

1988లో అదే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కినప్పుడు చాలామంది కోచ్‌నో సహచరుణ్నో పరిచయకర్తగా పిలుచుకునేచోట, పేజ్ మినియాపొలిస్‌లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రిన్సిపాల్‌ను పిలిచి, తన ప్రసంగాన్ని చదువు మీదే సాగించారు. ఆ ఏడాదే ఉపకారవేతనాల సంస్థను నెలకొల్పి, సాయం పొందే విద్యార్థులు తమకన్నా చిన్నపిల్లల చదువుకు కొంత సమయం ఇవ్వాలన్న షరతు పెట్టారు.

1992లో న్యాయమూర్తులను ఓటర్లు ఎన్నుకునే మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టుకు పోటీచేయాలనుకుంటే, పదవిలో ఉన్న న్యాయమూర్తి కాలాన్ని గవర్నర్ పొడిగించడంతో ఎన్నికే లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. పేజ్ దావా వేసి గెలిచి, ఎన్నిక జరిపించి, ఆ ఎన్నికా గెలిచి, ఆ న్యాయస్థానంలో తొలి ఆఫ్రికన్ అమెరికన్ న్యాయమూర్తి అయ్యారు. నిబంధన ప్రకారం 70 ఏళ్లు నిండగానే 2015లో విరమించారు.

తర్వాత కూడా ఆయన ఊరుకోలేదు. నాణ్యమైన ప్రభుత్వ విద్యను ప్రతి పిల్లవాడికీ ప్రాథమిక హక్కు చేస్తూ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలని 2020లో మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడు, భారత సంతతికి చెందిన నీల్ కష్కరీతో కలిసి ప్రతిపాదించారు. ప్రభుత్వం నిధులివ్వాల్సిన బాధ్యత బలహీనపడుతుందని ఉపాధ్యాయ సంఘం వ్యతిరేకించింది. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. అయితే ప్రస్తుత నిబంధన వ్యవస్థను నడపమని శాసనసభకు చెబుతుంది, కోర్టు మెట్లెక్కిన పిల్లవాడికి నాణ్యత గురించి నేరుగా హామీ ఇవ్వదు అన్న పేజ్ వాదన మాకు బలమైనదిగానే తోస్తోంది. నిధుల నిబంధనను తొలగించకుండా దాని పక్కనే హక్కును చేర్చే ముసాయిదాను ఇరుపక్షాలూ కూర్చుని రాసుకోవడం అసాధ్యమేమీ కాదు.